గీజరు మార్చే ఖర్చు: మైదానపు నీటి లెక్క

గుంటూరు, ప్రకాశం మైదానాల్లో వేడినీళ్ళ అవసరం కార్తీక మాసంలో మొదలై మహాశివరాత్రి నాటికి దాదాపు ముగుస్తుంది. వేసవిలో మేడమీది ట్యాంకు నీళ్ళే మధ్యాహ్నానికి ఒంటిమీద పోసుకోలేనంత కాగిపోయే ఈ ప్రాంతంలో, గీజరు ఏడాదికి నాలుగు నెలలు పనిచేసి ఎనిమిది నెలలు గోడకు వేలాడుతుంది. అందువల్ల దానికయ్యే ఖర్చును ఉత్తరాది చలి ప్రాంతాల లెక్కతో కొలిచినా, దుకాణదారుడు చెప్పే ధరతో కొలిచినా సరైన నిర్ణయం రాదు. 2022 ఏప్రిల్‌లో పల్నాడు, బాపట్ల జిల్లాలు విడిగా ఏర్పడినా, నల్లరేగడి నేల, బోరు నీరు, పత్తి మిరప పంటల డబ్బు చేతికొచ్చే కాలం మారలేదు కనుక, ఈ అధ్యాయంలోని లెక్క ఆ మైదానం మొత్తానికీ వర్తిస్తుంది.

ఒక తరం కిందటి వరకు ఈ పల్లెల్లో నీళ్ళు కాచడానికి నగదు ఖర్చు దాదాపు లేదు. పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద కాగు ఉండేది, కలిగిన ఇళ్ళలో నడుమ నిప్పుగొట్టం ఉన్న రాగి బాయిలర్ ఉండేది, పంట అయిపోయాక చేలోంచి పీకి తెచ్చి వామి వేసిన పత్తి కట్టె, మిరప కట్టె ఆ పొయ్యికి ఇంధనమయ్యేవి. రాగి బాయిలర్‌కు చిల్లు పడితే మాటు వేయించేవారు, పూర్తిగా పాడైతే పాత రాగి తూకానికి వచ్చే డబ్బే కొత్తదాని ధరలో కొంత భాగాన్ని తీర్చేది. గీజరు వచ్చాక శ్రమ, పొగ తగ్గాయి. వాటి స్థానంలో కొన్నప్పటి ధర, నెలనెలా కరెంటు, ఎప్పుడో ఒకప్పుడు తప్పని మార్పిడి అనే మూడు నగదు ఖర్చులు వచ్చాయి. మొదటి రెండూ కంటికి కనబడతాయి. మూడోదాన్ని చాలా కుటుంబాలు లెక్కలోకే తీసుకోవు కాబట్టి, అది వచ్చిన రోజున ఆపదలా కనిపిస్తుంది.

ఐస్‌లాండ్‌లో నేలలోంచి ఎగజిమ్మే వేడినీటి ఊటకున్న గీజరు అనే పేరును, 1868లో లండన్‌లో బెంజమిన్ మాన్ అనే ఆయన తాను రూపొందించిన నీళ్ళు కాచే గ్యాసు యంత్రానికి పెట్టుకున్నాడు. ఆ యంత్రం మారినా మన దేశంలో ఆ పేరు మిగిలింది. ఇప్పుడు ఇళ్ళలో ఉన్నది ఎక్కువగా నిల్వ గీజరు, అంటే వేడి బయటికి పోకుండా చుట్టూ నురుగు పొర ఉన్న చిన్న ట్యాంకు. అందులో నీటిని వేడిచేసే ఎలిమెంటు, కోరిన వేడి రాగానే కరెంటును ఆపే థర్మోస్టాటు, అది పనిచేయకపోతే అడ్డుపడే కటౌటు, ట్యాంకు తుప్పు పట్టకుండా తానే కరిగిపోయే మెగ్నీషియం కడ్డీ, అధిక పీడనాన్ని బయటికి వదిలే సేఫ్టీ వాల్వు ఉంటాయి. ఈ భాగాల్లో ట్యాంకు తప్ప మిగిలినవన్నీ విడిగా మార్చుకోదగ్గవే. మార్పిడి ఖర్చును గురించిన ఆలోచన అంతా ఈ ఒక్క విషయం మీద నిలుస్తుంది.

నీరు చేసే నష్టం

ఒకే కంపెనీ గీజరు ఒక ఇంట్లో పదేళ్ళు, మరో ఇంట్లో నాలుగేళ్ళు పనిచేయడానికి మొదటి కారణం నీరు. సంగం జాగర్లమూడి నుంచి వచ్చే కృష్ణా నీటిని వాడే గుంటూరు ఇంటికీ, సాగర్ కుడి కాలువ నీటితో నిండే చెరువుల మీద ఆధారపడ్డ ఒంగోలు ఇంటికీ, సొంత బోరు మీద నడిచే దర్శి లేదా పొదిలి ఇంటికీ గీజరు ఆయుష్షు ఒకటిగా ఉండదు. భూమిలోని రాతిపొరల గుండా ఇంకే నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరుగుతాయి. అవి ఎక్కువైన నీటిని కఠిన జలమంటారు. తాగునీటికి భారత ప్రమాణమైన ఐఎస్ 10500 మొత్తం కాఠిన్యానికి లీటరుకు 200 మిల్లీగ్రాములను ఆమోదయోగ్యమైన హద్దుగా, వేరే నీరు దొరకని చోట 600 మిల్లీగ్రాములను గరిష్ఠ హద్దుగా పెట్టింది. ప్రయోగశాలకు వెళ్ళకుండానే ఇంటి ఇల్లాలు ఈ సంగతిని పసిగడుతుంది, ఎందుకంటే కఠిన జలంలో కందిపప్పు ఎంతకీ మెత్తబడదు, సబ్బు నురగ రాదు, నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది.

ఆ తెల్లటి పొరే గీజరు లోపలా ఏర్పడుతుంది. నీటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేటు వేడి తగలగానే విడిపోయి, కరగని కాల్షియం కార్బనేటుగా, అంటే సున్నపురాయి పదార్థంగా మారి, అన్నిటికంటే వేడిగా ఉండే ఎలిమెంటు మీదే ముందు పేరుకుంటుంది. మరిగిస్తే ఇలా విడిపోయే కాఠిన్యాన్ని పాఠ్యపుస్తకాలు తాత్కాలిక కాఠిన్యమంటాయి. పేరు తాత్కాలికమే అయినా గీజరుకు ఎక్కువ చేటు చేసేది అదే. ఉప్పు పట్టిన గీజరు కరెంటు విపరీతంగా తాగుతుందని అందరూ అంటారు గానీ, ఆ మాటలో సగమే నిజముంది. ఎలిమెంటులోకి వెళ్ళిన విద్యుత్తు అంతా చివరికి వేడిగానే మారుతుంది కనుక బిల్లులో తేడా అంత పెద్దగా ఉండదు. పొర అడ్డుపడి ఆ వేడి నీటిలోకి త్వరగా చేరదు కాబట్టి ఎలిమెంటు తాను కాగిపోయి పగులుతుంది, అసలు నష్టం అక్కడ జరుగుతుంది. గీజరులోంచి టపటప, గరగర చప్పుళ్ళు రావడం, నీళ్ళు కాగడానికి మునుపటి కంటే ఎక్కువసేపు పట్టడం దానికి ముందస్తు హెచ్చరికలు.

తీరానికి దగ్గరైన చీరాల, బాపట్ల, రేపల్లె వైపు ఉప్పు నీళ్ళతో మరో సమస్య ఉంది. క్లోరైడులు ఎక్కువగా ఉన్న నీరు ఉక్కును తింటుంది. గాజు పూత ట్యాంకు లోపలి పూతలో సన్నని పగులు ఉన్నా తుప్పు అక్కడే మొదలవుతుంది. మెగ్నీషియం కడ్డీ ఉన్నంతకాలం తుప్పు ముందు ఆ కడ్డీని తింటుంది, కడ్డీ అయిపోయిన మర్నాటి నుంచి ట్యాంకును తినడం మొదలుపెడుతుంది. గీజరులో అన్నిటికంటే తక్కువ మంది పేరు విన్న భాగమే అన్నిటికంటే ఖరీదైన భాగాన్ని కాపాడుతుందన్నమాట.

ప్రకాశం పడమటి మండలాల్లో నీటి గురించి మాట్లాడేటప్పుడు ఫ్లోరైడు ప్రస్తావన తప్పదు. మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని తొలిసారిగా వైద్యులు 1937లో నివేదించింది అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతం నుంచే. గీజరును పాడుచేసేది ఫ్లోరైడు కాదు, గీజరు ఫ్లోరైడును తొలగించనూ లేదు. నీటిని కాచితే ఆవిరైనంత మేరకు ఫ్లోరైడు మరింత చిక్కబడుతుంది. కాబట్టి ఆ ఊళ్ళలో గీజరు నీటిని కాచిన మంచినీళ్ళుగా భావించి తాగడం, వంటకు వాడడం ఎంతమాత్రం తగదు.

బాగుచేయించడమా, మార్చడమా

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఏటి ఖర్చు అనే ఒక్క కొలమానం చాలు. ఏటి ఖర్చు అంటే ఒక వస్తువు మీద పెట్టిన మొత్తాన్ని అది పనిచేసే సంవత్సరాలతో భాగిస్తే వచ్చేది. ఉదాహరణకు గీజరు ధర 9,000 రూపాయలు, కొత్త పైపులు, వాల్వు, బిగింపు కూలీ కలిపి మరో 2,000 రూపాయలు అనుకుంటే మొత్తం 11,000 అవుతుంది. అది పదేళ్ళు నిలిస్తే ఏటి ఖర్చు 1,100 రూపాయలు, అయిదేళ్ళకే చిల్లుపడితే 2,200 రూపాయలు. రెండేళ్ళకోసారి మెకానిక్‌ను పిలిచి ట్యాంకు అడుగు విప్పించి, పేరుకున్న సున్నాన్ని తీయించి, కడ్డీ చూపించడానికి 800 రూపాయలయినా అది ఏటా 400 మాత్రమే. 400 ఖర్చుతో 1,100 రూపాయల అదనపు భారం తప్పుతుంది కనుక, కఠిన జలం వాడే ఇంటికి ఇంతకంటే లాభసాటి ఖర్చు మరొకటి లేదు. ధరలు ఊరిని బట్టి, ఏడాదిని బట్టి మారతాయి, లెక్క వేసే పద్ధతి మారదు.

మరమ్మతు విషయంలోనూ ఇదే కొలమానం పనిచేస్తుంది. నాలుగేళ్ళ గీజరులో ఎలిమెంటు కాలిపోయి, కూలీతో సహా 1,000 రూపాయలతో మరో మూడేళ్ళు నడిచేలా ఉంటే, ఆ మరమ్మతు ఏటి ఖర్చు 333 రూపాయలే కాబట్టి కొత్తది కొనడం దండగ. తొమ్మిదేళ్ళ గీజరులో ఎలిమెంటు, థర్మోస్టాటు, కడ్డీ మూడూ పోయి 1,800 రూపాయలు అడుగుతుంటే, దానికి మిగిలింది మహా అయితే ఒక చలికాలం కనుక కొత్తదే చవక. ట్యాంకే కారుతుంటే, అంటే నీరు పైపు కీళ్ళ దగ్గర కాకుండా గీజరు ఒంట్లోంచి చుక్కలు చుక్కలుగా వస్తుంటే, చర్చకు తావు లేదు, మాటు వేయించే కాలం రాగి బాయిలర్‌తోనే పోయింది.

ఈ లెక్కకు అడ్డుపడే ఒక మానసిక అలవాటు ఉంది. అర్థశాస్త్రంలో మునిగిన వ్యయం అనే మాట ఉంది. ఇప్పటికే ఖర్చయి, ఏం చేసినా తిరిగిరాని డబ్బును ఆ మాట సూచిస్తుంది. పోయిన ఏడాదే రెండువేలు పెట్టి బాగుచేయించాం, ఇప్పుడెలా పారేస్తాం అని అనుకోవడం ఆ మునిగిన డబ్బును రక్షించబోయి మరికొంత ముంచడమే. దీనికి ఎదురుదిక్కున మరో పొరపాటు ఉంది. మెకానిక్ చూడగానే ఇది పనికిరాదు, కొత్తది కొనండి అంటే, ఏ భాగం పోయిందో అడగకుండా దుకాణానికి వెళ్ళడం అది. పాడైన భాగాన్ని విప్పించి కంటితో చూడడం, అది విడిగా దొరుకుతుందా, వారంటీ ఇంకా ఉందా అని అడగడం గృహస్థు హక్కు. ట్యాంకు వారంటీ సాధారణంగా మిగిలిన భాగాల వారంటీ కంటే ఎక్కువ ఏళ్ళుంటుందన్న సంగతిని కొన్నవారిలో చాలామంది మరచిపోతారు.

కొనేటప్పుడు డబ్బు పెట్టవలసిన చోటు

ఎంత పెద్ద గీజరు కావాలో బకెట్ల లెక్కన చూడవచ్చు. ట్యాంకులోని 60 డిగ్రీల నీటిని 25 డిగ్రీల కుళాయి నీటితో కలిపి స్నానానికి సరిపోయే 40 డిగ్రీలకు తెస్తే, 15 లీటర్ల గీజరు 35 లీటర్ల స్నానపు నీటిని, అంటే 20 లీటర్ల బకెట్లు రెండింటికి కొంచెం తక్కువ ఇస్తుంది. 25 లీటర్లది మూడు బకెట్లకు దగ్గరగా ఇస్తుంది. రెండు కిలోవాట్ల ఎలిమెంటు 15 లీటర్లను 18 నిమిషాల్లో కాచగలదు కనుక, ఒకరి తరవాత ఒకరు స్నానం చేసే నలుగురి ఇంటికి 15 లీటర్లదే చాలు. బాలింత, పసిబిడ్డ, కీళ్ళనొప్పుల పెద్దవారు ఉన్న ఇంట్లోనూ, భోగి తలంట్లకు బంధువులంతా దిగే ఇంట్లోనూ 25 లీటర్లది వృథా అనిపించుకోదు.

ఇక్కడ మిరప మీద బతికేవారికి సంబంధించిన ఒక సంగతిని చేర్చడం అవసరం. కళ్ళంలో కాయలు ఎత్తినవారు, గుంటూరులో తొడిమలు తీసే స్త్రీలు, మిర్చి యార్డులో టిక్కీలనే బస్తాలు మోసే ముఠా కూలీలు ఇంటికి రాగానే మంట తగ్గుతుందని వేడినీళ్ళు పోసుకుంటే మంట ఇంకా పెరుగుతుంది. మిరపలోని క్యాప్సైసిన్ చర్మంలో తాకే నరాల గ్రాహకం, వేడిని గుర్తించే గ్రాహకం ఒకటే కావడం దానికి కారణం. ఈ సంగతిని కనుగొన్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి లభించింది. ముందు సబ్బుతో, చల్లటి నీళ్ళతో కడుక్కుని, ఆ తరవాతే వేడినీళ్ళ జోలికి వెళ్ళాలి.

కరెంటు ఖర్చుకు వస్తే, పైన చెప్పిన 20 లీటర్ల బకెట్ ఒకటి సుమారు 0.35 యూనిట్లు తీసుకుంటుంది. నలుగురికి రోజుకు 1.4 యూనిట్లు, నెలకు 42 యూనిట్లు. రాష్ట్రంలో 2022-23 టారిఫ్ ఉత్తర్వు నిర్ణయించిన శ్లాబుల ప్రకారం 76 నుంచి 125 యూనిట్ల వరకు 4.50, 126 నుంచి 225 వరకు 6 రూపాయలు, 226 నుంచి 400 వరకు 8.75 రూపాయలు. గీజరు వాడే యూనిట్లు మిగిలిన వాడకం మీద అదనంగా చేరేవి కనుక అవి ఎప్పుడూ పై శ్లాబులోనే పడతాయి. నెలకు 120 యూనిట్లు వాడే ఇంటికి గీజరు వల్ల అదనంగా పడేది, సుంకాలు, సర్దుబాటు ఛార్జీలు కాక, దాదాపు 245 రూపాయలు. నాలుగు నెలల చలికాలానికి వెయ్యి రూపాయల లోపే. నక్షత్రాల గుర్తు విషయంలో దీనివల్ల ఒక తీర్పు తేలుతుంది. ఆ నక్షత్రాలు ప్రధానంగా నిలువ నష్టాన్ని, అంటే నీళ్ళు వాడకుండా స్విచ్ వేసి ఉంచినప్పుడు ఇరవై నాలుగు గంటల్లో ట్యాంకు పోగొట్టుకునే వేడిని కొలుస్తాయి. స్నానానికి ముందు వేసి, అయ్యాక ఆపేసే ఇంటికి ఆ తేడా స్వల్పం కాబట్టి, ఒక నక్షత్రం ఎక్కువ ఉన్నందుకు పెట్టే అదనపు డబ్బును మంచి ట్యాంకుకు, వైరింగుకు మళ్ళించడం ఈ మైదానంలో తెలివైన పని.

వైరింగు మీద ఖర్చు తగ్గించుకోవడం మాత్రం ప్రాణాలతో చెలగాటం. రెండు కిలోవాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు, మూడు కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరు 13 ఆంపియర్లు తీసుకుంటాయి. దానికి ప్రత్యేకమైన తీగ, 16 ఆంపియర్ల సాకెట్, విడిగా ఎంసీబీ ఉండాలి. తీగలోంచి 30 మిల్లీ ఆంపియర్లు దారితప్పినా క్షణంలో కరెంటు ఆపే ఆర్‌సీసీబీ లేని స్నానాలగదిలో గీజరు బిగించకూడదు. నల్లరేగడి నేలలో ఎర్తింగు గురించి మరింత జాగ్రత్త పడాలి, ఎందుకంటే వానల్లో ఉబ్బి ఎండల్లో నెర్రెలు విచ్చే ఆ మట్టి ఎర్తు కడ్డీ చుట్టూ ఖాళీ చేస్తుంది, ఆరిన మట్టి విద్యుత్తును సరిగా నేలలోకి పోనివ్వదు. ఏటా చలికాలం మొదట్లో ఎర్తు గుంటలో నీళ్ళు పోసి, ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించాలి. ఆ నెర్రెలే పాత ఇళ్ళ గోడల్లోనూ పగుళ్ళు తెస్తాయి కనుక, గోడలో పూడ్చిన పైపు కీళ్ళు ఊడాయేమో కూడా మార్పిడి సమయంలోనే చూడాలి. మామూలు పీవీసీ పైపు వేడినీటికి మెత్తబడుతుంది, వేడినీటి లైనుకు సీపీవీసీ పైపే వేయాలి. గీజరు ధర అనుకుని వెళ్ళినవారి బడ్జెట్ తలకిందులయ్యేది చాలాసార్లు ఇక్కడే.

సేఫ్టీ వాల్వు నుంచి నీళ్ళు కాస్త కారడం లోపం కాదు. 25 లీటర్ల నీరు 25 నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే సుమారు 350 మిల్లీలీటర్లు వ్యాకోచిస్తుంది, ఆ నీరు ఎటో ఒకవైపు పోవాలి. ఆ చుక్కలు చికాకనిపించి వాల్వుకు మూత బిగించిన ఇంట్లో గీజరు పేలుడుకు సిద్ధం చేసిన పాత్ర అవుతుంది. చుక్కలు పడే చోట సన్నని గొట్టం పెట్టి నీటిని తూముదాకా తీసుకెళితే సరిపోతుంది.

ఇతర మార్గాల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ఏడాదికి వెయ్యి రూపాయల కరెంటు ఆదా కోసం ఇరవై వేలు పెట్టి సోలార్ వాటర్ హీటర్ కొంటే ఆ డబ్బు తిరిగి రావడానికి ఇరవై ఏళ్ళు పడుతుంది. ఏడాదంతా వేడినీళ్ళు వాడే హాస్టలుకు, ఆసుపత్రికి అది తగినదే గానీ, ఈ ప్రాంతపు మామూలు ఇంటికి కాదు. ఆ ఎండనే వాడుకోదలచినవారికి 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద, మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల వరకు కేంద్ర రాయితీ వచ్చే సౌరఫలకాలు మెరుగు, ఎందుకంటే అవి మిగిలిన ఎనిమిది నెలలూ ఫ్యానుకో ఏసీకో పనికొస్తాయి. గ్యాసు గీజరు మూసిన స్నానాలగదిలో వాసన లేని కార్బన్ మోనాక్సైడును నింపి మనిషిని లేవనివ్వకుండా చేస్తుంది కనుక, గాలి ధారాళంగా ఆడే వరండాలో తప్ప ఎక్కడా దాన్ని బిగించకూడదు. బకెట్లో పెట్టే కాయిల్ చవకే, అయితే స్విచ్ ఆపకుండా నీళ్ళలో చెయ్యి పెట్టే ఒక్క మరుపు దాని ధరను ఎవరూ తీర్చలేనిదిగా చేస్తుంది.

డబ్బు వచ్చే నెల, గీజరు పోయే నెల

నెలజీతం ఉన్న ఇంటికి 11,000 రూపాయల ఖర్చు ఇబ్బందే గానీ సంక్షోభం కాదు. పంట మీద బతికే ఇంటి పరిస్థితి వేరు. గీజరు ఎక్కువగా వాడేది డిసెంబరు, జనవరి నెలల్లో కాబట్టి అది పాడైపోయేదీ అప్పుడే. అదే సమయంలో మిరప తోటకు మందులు, కోత కూలీలు, పత్తి తీత కూలీలు కలిసి ఇంట్లోని నగదునంతా లాగేస్తాయి. మిరప డబ్బు గుంటూరు యార్డు నుంచి ఇంటికి చేరేది ప్రధానంగా ఫిబ్రవరి నుంచి మే నెలలో యార్డుకు వేసవి సెలవులు ఇచ్చే లోపు. ఈ రెండు నెలల ఎడం వల్లే చాలా కుటుంబాలు గీజరును వాయిదాల మీదో, ఎరువుల కొట్టు వ్యాపారి దగ్గర చేబదులు తెచ్చో కొంటాయి, వడ్డీతో కలిపి అసలు ధర కంటే ఎక్కువ చెల్లిస్తాయి.

దీనికి విరుగుడు తరుగు నిధి. ఒక వస్తువు అరిగిపోయే కొద్దీ దాని మార్పిడికి కావలసిన డబ్బును ముందుగానే ఏటా పక్కన పెట్టడాన్ని ఆ మాట సూచిస్తుంది. పై ఉదాహరణలో అది ఏడాదికి 1,100 రూపాయలు, నీరు మరీ కఠినమైన ఊళ్ళో 2,200. మిరప పట్టీ డబ్బు చేతికొచ్చిన వారంలోనే ఆ మొత్తాన్ని పోస్టాఫీసు పొదుపు ఖాతాలోనో, స్వయం సహాయక సంఘం పొదుపులోనో వేయాలి. ఫ్రిజ్, మోటారు, మిక్సీ వంటివాటికీ ఇదే లెక్కన కొంత చేరిస్తే, ఇంట్లో ఏ యంత్రం ఆగినా అప్పు అవసరం రాదు. ధర దిగే సమయాన్ని ఎంచుకునే వెసులుబాటు కూడా దీనివల్ల వస్తుంది. చలి మొదలయ్యాక గిరాకీతో పాటు మెకానిక్ కోసం నిరీక్షణ పెరుగుతుంది గనుక, ఆఖరి దశలో ఉన్న గీజరును మార్చడానికి మార్చి, ఏప్రిల్ నెలలే అనువైనవి.

గీజరు బిగించిన రోజున మెకానిక్ చేతనే ఆ తేదీని చెరగని సిరాతో దాని పక్కన గోడమీద రాయించాలి. దాని కింద కడ్డీ చూసిన తేదీ, సున్నం తీసిన తేదీ, మార్చిన భాగం ఒకదాని కింద ఒకటి చేరుతూ పోవాలి. ఇంట్లో ఇప్పటికే గీజరు ఉన్నవారు పాత రసీదు వెతికి ఆ మొదటి తేదీని ఈ రోజే రాయవచ్చు.